సవరణ: స్వేచ్ఛ గురించి రాసిన మాటకు వివరణ

"గురువు మీద ఆధారపడినంత కాలం స్వేచ్ఛ లేదు" అని పోయిన వారం తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి గురించి రాశాను. చెన్నైలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు కొందరు దాన్ని "ఎవరి మాటా వినక్కర్లేదు, ఇంటి బాధ్యతలూ అక్కర్లేదు" అని అర్థం చేసుకున్నారు. నా ఉద్దేశం అది కాదు.

పోస్టును పంచుకున్న కొందరు కృష్ణమూర్తి తన సంఘాన్ని చెన్నైలోని అడయారులో రద్దు చేశారని కూడా చేర్చారు. మదనపల్లెలో పుట్టిన ఆ కుర్రవాడు 1909లో దివ్యజ్ఞాన సమాజం (అన్ని మతాల మూలం ఒకటేనని నమ్మే థియోసాఫికల్ సొసైటీ) వాళ్ల కంట పడింది అడయారులోనే. తనను జగద్గురువుగా నిలబెట్టడానికి పెట్టిన నక్షత్ర సంఘాన్ని రద్దు చేసింది మాత్రం నెదర్లాండ్స్‌లోని ఓమెన్‌లో, 1929 ఆగస్టు 3న.

ఆ తర్వాత ఆయన మనుషులకు దూరంగా పోలేదు. రిషి వ్యాలీ లాంటి బడులు నడిపించారు. దేశదేశాల్లో మాట్లాడారు. 1986 జనవరిలో, చనిపోవడానికి కొన్ని వారాల ముందు, ఇక్కడ చెన్నైలోని వసంత విహార్‌లో కూడా మాట్లాడారు. నన్ను బాగా కదిలించేది ఇదే: గురుపీఠం వద్దన్న మనిషి జీవితాంతం జనం మధ్యే ఉన్నాడు.

అమ్మానాన్నలు చెప్పారని టెన్షన్ పడుతూ ఒప్పుకున్న పెళ్లిలో స్వేచ్ఛ లేదు. వాళ్ల మీద కోపంతో చేసుకున్న పెళ్లిలోనూ లేదు. రెండుచోట్లా నిర్ణయించింది వాళ్లే. నాకేం కావాలి, నేను దేనికి భయపడుతున్నాను అని ముందు చూసుకోవాలి. ఆ తర్వాత పెద్దల మాట విన్నా, వినకపోయినా అది మన నిర్ణయం అవుతుంది. పాత పోస్టులో ఆ వాక్యం కిందే ఈ వివరణ చేర్చాను.