ఆగస్టులో పాస్తాకి సీసా సాస్ ఎందుకు?

మన ఇళ్లలో పాస్తా ఎక్కువగా పిల్లల కోసమే వండుతాం. సీసాలో సాస్, ఫ్రీజర్‌లోని కూరగాయ ముక్కలు, పైన గుప్పెడు చీజ్. పెద్దవాళ్లు విడిగా అన్నం, పప్పు తింటారు. వారానికి ఒక్క రాత్రైనా ఇంటిల్లిపాదీ పాస్తానే కలిసి తినొచ్చు. న్యూజెర్సీలో ఉన్నవాళ్లకి అందుకు జులై నుంచి సెప్టెంబర్ దాకా మంచి అదను.

ఇక్కడి రట్గర్స్ యూనివర్సిటీ 1934లో విడుదల చేసిన టమాటా రకాన్ని జనం ఇప్పటికీ పెరట్లో వేసుకుంటున్నారు. వంకాయ బాగా పండే రాష్ట్రాల్లో మనదీ ఒకటి. చలికాలంలో సూపర్ మార్కెట్‌కి వచ్చే టమాటాలు చాలావరకు పచ్చిగా ఉన్నప్పుడే కోసి, ఇథిలీన్ గ్యాస్‌తో ఎర్రబరిచినవి. ఆగస్టులో రైతుల మార్కెట్లో దొరికేవి మొక్క మీద పండినవి. చారులో ఈ తేడా కొంత కప్పబడిపోతుంది, చింతపండూ పొడీ ఉంటాయి కాబట్టి. పాస్తాలో కప్పబడిపోదు.

వంకాయంటే ప్రాణం పెట్టే మనకి ఇటలీలో సిసిలీ దీవిలోని కటానియా ఊరి వంట ఒకటి బాగా నప్పుతుంది. పేరు పాస్తా అల్లా నోర్మా. వంకాయ, టమాటా, వెల్లుల్లి, బేసిల్ ఆకులు, ఉప్పు పట్టించిన రికోటా చీజ్, అంతే. నలుగురికి 400 గ్రాముల పాస్తా, నాలుగు లీటర్ల నీళ్లు, 40 గ్రాముల ఉప్పు. ఉప్పు ఎక్కువనిపిస్తుంది గానీ అందులో చాలావరకు నీళ్లతోనే పోతుంది. వంకాయ ముక్కల్ని ఆలివ్ నూనెలో బాగా ఎర్రగా వేయించి పక్కన పెట్టండి. ఇక్కడ తొందరపడితే ముక్కలు చప్పగా, స్పాంజిలా మిగులుతాయి. అదే నూనెలో వెల్లుల్లి, తరిగిన టమాటాలు వేసి పావుగంట మగ్గనివ్వండి. ప్యాకెట్ మీద రాసిన టైముకి రెండు నిమిషాల ముందే పాస్తా తీసి ఈ సాస్‌లో వేయాలి. ఉడికిన నీళ్లు మాత్రం అన్నీ పారబోయకండి. అవి మన గంజి లాంటివే. ఒక కప్పు పోసి కలిపితే ఆ పిండి పదార్థం వల్ల నూనె, టమాటా రసం విడిపోకుండా పాస్తాకి పట్టుకుంటాయి. క్రీమ్ అక్కర్లేదు. చివర్లో వంకాయ ముక్కలు, బేసిల్, చీజ్ వేయండి.

అల్లం వెల్లుల్లి పేస్టు, గరం మసాలా, కెచప్ వేసి పాస్తా చేసే అలవాటు మనలో బాగా పెరిగింది. నాకది నచ్చదు. లేత బీరకాయ దొరికిన రోజున మనమెవరమైనా అందులో గరం మసాలా వేస్తామా? పోపు పెట్టి, ఉప్పు వేసి, దాని రుచి దాన్ని చెప్పుకోనిస్తాం. ఈ కూరగాయలకీ అంత మర్యాద ఇవ్వాలి. కారం కావాలంటే వెల్లుల్లితో పాటు ఎండుమిర్చి తుంచి వేయండి, దక్షిణ ఇటలీలో కలాబ్రియా వాళ్లూ మిరపకాయ ఇష్టంగా తింటారు.

శాకాహారులు చీజ్ కొనేటప్పుడు చూసుకోవాల్సిన సంగతి ఒకటుంది. అసలైన పార్మిజానో రెజ్జానో దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్‌తో (పాలని గడ్డకట్టించే పదార్థం), పెకోరినో రొమానో గొర్రెపిల్లల నుంచి తీసినదానితో తయారవుతాయి. సంఘం విందుల్లో పూర్తి వెజ్ అని పెట్టే పాస్తా మీద కూడా ఇవే చల్లుతుంటే నాకు బాధగా ఉంటుంది, తినేవాళ్లకి తెలియదు కదా. వెజిటబుల్ రెన్నెట్ లేదా మైక్రోబియల్ రెన్నెట్ అని లేబుల్ మీద ఉంటేనే కొనండి. చీజే వద్దనుకుంటే బ్రెడ్ పొడిని ఆలివ్ నూనెలో కరకరలాడేలా వేయించి చల్లండి. సిసిలీ పేద ఇళ్లలో చీజ్‌కి బదులు అదే వాడేవారు.

మంచు పడ్డాక టమాటా వదిలేయండి. అప్పుడు బ్రోకలీ రాబ్ వస్తుంది, కాస్త చేదు ఆకుకూర. దక్షిణ ఇటలీలోని పూలియాలో దాన్ని పాస్తా ఉడికే నీళ్లలోనే ఉడికించి, వెల్లుల్లి నూనెతో కలుపుతారు. ఒక్క గిన్నె, ఒక్క మూకుడు, అరగంట పని.