సొంతగడ్డపైనే పరాయివారు

జెనీవాలోని ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని లూసియా దహ్లాబ్ 1991లో క్యాథలిక్ మతాన్ని వీడి ఇస్లాం స్వీకరించారు. ఆ విద్యా సంవత్సరం చివరి నుంచి హిజాబ్‌తోనే బడికి వెళ్లారు. ఈ విషయంలో పిల్లల తల్లిదండ్రుల నుంచి ఎలాంటి అభ్యంతరమూ రాలేదని 1995 మేలో పాఠశాలల ఇన్‌స్పెక్టర్ స్వయంగా పై అధికారులకు తెలియజేశారు. అయినా మరుసటి ఏడాది విద్యాశాఖ హిజాబ్ తీసేయాల్సిందేనని ఆదేశించింది. స్విస్ ఫెడరల్ న్యాయస్థానం 1997లో ఆ ఆదేశాన్ని సమర్థించగా, యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం 2001 ఫిబ్రవరిలో ఆమె అర్జీని విచారణార్హం కాదంటూ తోసిపుచ్చింది.

నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల మనసుపై అటువంటి ‘శక్తిమంతమైన బాహ్య చిహ్నం’ ప్రభావాన్ని అంచనా కట్టడం చాలా కష్టమని ఒప్పుకుంటూనే ఆ న్యాయస్థానం నిషేధం వైపు మొగ్గింది. పసిపిల్లలకు చదువు చెప్పే ప్రభుత్వోద్యోగి మత విషయాల్లో తటస్థంగా కనిపించాలన్న వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ న్యాయస్థానం అంతటితో ఆగలేదు. హిజాబ్ ఖురాన్ నియమం ద్వారా స్త్రీలపై విధించినట్లు కనిపిస్తోందని, స్త్రీ పురుష సమానత్వంతో దానికి పొసగదని కూడా వ్యాఖ్యానించింది. పెద్దయ్యాక మతం మార్చుకుని, హిజాబ్ కోసం చివరి మెట్టుదాకా పోరాడిన మహిళకే అది నీపై విధించినదని చెప్పడం విడ్డూరం.

వలస వచ్చిన ముస్లింలకు పశ్చిమ దేశాల నాయకులు తరచూ చెప్పే హితవు ఒకటుంది: మా భాష నేర్చుకోండి, మా సమాజంలో కలిసిపోండి. అదే గడ్డపై పుట్టి, అదే భాషలో ఊసులాడి, అక్కడి బడుల్లోనే చదివి, తర్వాత ఇస్లాం స్వీకరించిన మహిళ ఇంకెవరితో కలిసిపోవాలి? నిన్నటిదాకా పేరుపెట్టి పలకరించిన ఇరుగుపొరుగు ఈరోజు ‘మీది ఏ దేశం?’ అని అడుగుతున్నారంటే, అసలు ఇబ్బంది వలసతోనో భాషతోనో కాదన్నది తేలిపోతుంది. ఇటు మసీదులో సైతం కొత్తగా చేరిన మహిళను ఆమడదూరంలో ఉంచేవారు లేకపోలేదు.

ఇటలీ ఉదంతం ఇంకా చేదైనది. కెన్యాలో 2018 నవంబరులో అపహరణకు గురైన సేవా కార్యకర్త సిల్వియా రొమానో ఏడాదిన్నర తర్వాత, 2020 మేలో విడుదలై రోమ్‌లో విమానం దిగారు. ప్రధాని కాంతే ఎదురేగి స్వాగతం పలికారు. ఒంటిపై ఆకుపచ్చని నిలువు వస్త్రంతో వచ్చిన ఆమె, తాను ఇష్టపూర్వకంగానే ఇస్లాం స్వీకరించానన్నారు. అంతే, బెదిరింపులు వెల్లువెత్తాయి. ఒక పట్టణ కౌన్సిలర్ ఆమెను ఉరితీయాలని రాశాడు. పార్లమెంటులో ఒక సభ్యుడు ‘కొత్త ఉగ్రవాది’ అంటే సభాధ్యక్ష స్థానంలో ఉన్న మహిళ మందలించాల్సి వచ్చింది. నెలల తరబడి సాయుధుల చెరలో ఉన్న మనిషి నిర్ణయం ఎంత స్వేచ్ఛగా జరిగిందన్న సందేహం రావడం సహజమే. అయితే ఆ సందేహం నిజమైనదైతే ఆమెపై జాలి కలగాలి, కసి కాదు. బాధితురాలని నమ్మినవారు ఉరితాడు గురించి మాట్లాడరు.

ఇరాన్‌లో హిజాబ్ తీసేసే మహిళ పక్షాన నిలిచే యూరప్, తన వీధుల్లో దాన్ని కోరి ధరించే మహిళ మాటనూ అంతే నమ్మాలి. న్యాయస్థానాలు కొంత దారి చూపాయి. హిజాబ్ ధరించిన ఉద్యోగిని సేవలు తనకు వద్దని ఖాతాదారు కోరడం వృత్తిపరమైన అర్హతకు సంబంధించిన విషయం కాదని ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2017లో చెప్పింది. ఉద్యోగులెవరూ మతచిహ్నాలు ధరించరాదంటూ తటస్థత నిబంధన పెట్టే యజమాని దాని నిజమైన అవసరాన్ని రుజువు చేయాలని 2021లో స్పష్టం చేసింది. కేవలం ఊహాజనితమైన ముప్పును చూపి ఉపాధ్యాయినులందరికీ హిజాబ్ నిషేధించడం చెల్లదని జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2015లోనే తేల్చింది. అయితే ప్రభుత్వ కార్యాలయాలు సిబ్బందికి మతచిహ్నాలను నిషేధించవచ్చని 2023లో ఐరోపా సమాఖ్య న్యాయస్థానం ఇచ్చిన తీర్పు ఆ తలుపును మళ్లీ సగం మూసింది. నిషేధించవచ్చు అన్న వెసులుబాటును నిషేధించి తీరాలి అన్న ఆజ్ఞగా ఏ పురపాలక సంఘమూ చదువుకోకూడదు. హిజాబ్ వల్ల ఎవరి పని ఎక్కడ కుంటుపడిందో చూపలేనప్పుడు, దాన్ని తీయమని అడిగే అధికారం ఆ కార్యాలయాలకు ఉండరాదు.