బాణం గీస్తే బేరం కుదిరినట్టేనట!

గుంటూరు మిర్చి యార్డుకి విముక్తి లభించింది. ఇక కోడ్ రాయనక్కర్లేదట. తెర మీద పెట్టెలు లాగి వదిలితే సాఫ్ట్‌వేర్ అదే తయారవుతుందట. 1959లో కోబాల్ అనే కంప్యూటర్ భాషని తలపెట్టినప్పుడూ ఇంగ్లీషులా ఉంటుంది కాబట్టి మేనేజర్లు కూడా చదివేస్తారన్నారు. ఏ మేనేజరు చదివాడో మీకు తెలిస్తే చెప్పండి. 2014లో ఫారెస్టర్ అనే పరిశోధన సంస్థ ఈ పెట్టెలాటకి లో-కోడ్ అని పేరు పెట్టింది. పేరు పడ్డాక ధర పడకుండా ఉంటుందా?

ఓ కమిషన్ కొట్లో డెమో చూసే భాగ్యం నాకూ దక్కింది. ఇస్త్రీ చొక్కా కుర్రాడు ‘రైతు’ పెట్టెని లాగాడు. ‘సరుకు’ పెట్టె పక్కన వదిలాడు. మధ్యలో బాణం గీశాడు. యజమాని చప్పట్లు కొట్టారు. గుమాస్తా గారు కళ్లజోడు సర్దుకున్నారు.

“బాబూ, ఒకే రైతు తేజా రకం తెచ్చాడు, తాలు కాయలూ తెచ్చాడు. సగం అమ్మాడు, ధర లేదని సగం కోల్డ్ స్టోరేజీకి పంపాడు. పాత అడ్వాన్సు వడ్డీతో సహా ఇందులోనే మినహాయించాలి. ఏ పెట్టె లాగమంటావ్?”

“దానికి కోడ్ రాయాలండీ.”

యజమాని ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు. ఆయన బాణం దగ్గరే ఆగిపోయారు.

సెలవు చీటీలకి ఈ పెట్టెలు బ్రహ్మాండం, కాదనను. కోడ్ రాయించుకున్నా సుఖం లేదు. ఆర్నెల్లన్నది ఏడాదిన్నరవుతుంది, రాసినవాడు హైదరాబాద్ చెక్కేస్తాడు. అయినా కోడ్ మన దగ్గరుంటే ఇంకొకడితో బాగు చేయించుకోవచ్చు. పెట్టెలవాళ్లకి నెలనెలా తలకింతని కట్టాలి. మానేశామా, యాప్ లోపల, మనం బయట.

సీజన్లో యార్డుకి రోజుకి లక్షకు పైగా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వస్తాయి. మైక్రోసాఫ్ట్ వాళ్ల పెట్టెలాట పవర్ యాప్స్‌లో, డేటాబేస్‌కి అప్పగించడం కుదరని లెక్కయితే, మొదటి 500 వరుసలే చూస్తుంది. సెట్టింగ్ మార్చినా 2,000 దాటదు. హెచ్చరిక యాప్ తయారుచేసేవాడికి కనిపిస్తుంది, వాడేవాడికి కాదు. మరి 2,001వ వరుసలో ఉన్న రైతు సంగతి? పల్నాడు నుంచి రాత్రంతా టిక్కీల మీద కూర్చుని వచ్చినవాడికి డబ్బు తక్కువిచ్చి, ‘సిస్టమ్‌లో అలాగే ఉంది’ అనడానికి నోరెలా వస్తుంది? కాటా దగ్గర ఒక్క పూట నిలబడనివాడు రైతు లెక్క కడతాడా? సిగ్గుండాలి!

యజమాని ఏడాది చందా కట్టేశారు. పుస్తకానికీ యాప్‌కీ తేడా వస్తే ఏది నమ్ముతారని గుమాస్తా గారిని అడిగాను.

“తేడా ఎందుకొస్తుందండీ? పుస్తకంలో తేల్చాకే కదా యాప్‌లోకి ఎక్కించేది.”