కుక్కకు వేయాల్సిన టీకా మనిషికి వేస్తున్నాం

వీధికుక్కల మీద మన దగ్గర చర్చంతా తరిమేయాలనేవాళ్లకూ, ముట్టుకోవద్దనేవాళ్లకూ మధ్య గొడవగానే సాగుతోంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో పసివాడు చనిపోయినప్పుడు అదే జరిగింది. 2025 ఆగస్టులో ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించాలన్న ఉత్తర్వును సుప్రీంకోర్టు రెండు వారాలు తిరక్కుండానే మార్చినప్పుడూ అంతే. ఈ రచ్చలో రేబిస్‌ను పట్టించుకున్నవాళ్లు తక్కువ. రేబిస్‌ను ఆసుపత్రిలో ఆపలేం, కుక్కలోనే ఆపాలి. ఆ ఖర్చు వైద్య ఆరోగ్య శాఖ పెట్టాలి.

మనుషులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం కుక్కల నుంచే వస్తుంది. లక్షణాలు కనబడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే అంచనా ప్రకారం దేశంలో ఏటా 5,700 మందికి పైగా దీనితో చనిపోతున్నారు.

పీహెచ్‌సీలో ఏం జరుగుతుందో చూడండి. కాటు పడిన మనిషి గాయానికి కారమో సున్నమో రాసుకుని వస్తాడు. సబ్బు పెట్టి, కుళాయి ధార కింద పావుగంట కడగాలని అప్పటిదాకా అతనికి చెప్పినవాళ్లుండరు. ఆ రోజు ఒక డోసు, తర్వాత మూడో రోజు, ఏడో రోజు, 28వ రోజు రమ్మంటారు. కూలికెళ్లే మనిషి ఎన్నిసార్లు పని మానుకుని వస్తాడు? రక్తం వచ్చిన గాయమైతే, వైరస్‌ను వెంటనే అడ్డుకునే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ కూడా పడాలి. అది లేకపోతే పెద్దాసుపత్రికి పొమ్మంటారు. రిజిస్టర్‌లో పేరు, వయసు, గాయం అన్నీ ఎక్కుతాయి. కరిచిన కుక్క ఏ వీధిది, బతికే ఉందా, ఇంకెవరినైనా కరిచిందా? దీని వెంట పడే నాథుడు లేడు. పక్క వీధిలోని పశువుల ఆసుపత్రికి ఒక్క ఫోన్ కూడా వెళ్లదు. ఆ కుక్క మర్నాడు ఇంకో పిల్లాణ్ని కరుస్తుంది.

అదే కుక్కకు ఏడాదికి ఒక్క ఇంజెక్షన్ చాలు. ఊళ్లో నూటికి డెబ్బై కుక్కలకు టీకా పడితే వైరస్ పాకడం ఆగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో చెబుతోంది. గోవా చేసి చూపించింది కూడా. వలలతో వీధి వీధీ తిరిగి కుక్కలకు టీకాలేశారు. బడుల్లో పిల్లలకు పాఠాలు చెప్పారు. పిచ్చికుక్క కనబడితే ఫోన్ చేయడానికి నంబరిచ్చారు. కుక్కల్లో నెలవారీ రేబిస్ కేసులు 92 శాతం తగ్గాయి. 2018 నుంచి వరుసగా మూడేళ్లు ఆ రాష్ట్రంలో ఒక్క మనిషి కూడా రేబిస్‌తో చనిపోలేదు.

కుక్కలన్నిటినీ పట్టుకుపోతే పీడ విరగడవుతుంది కదా అంటారు. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రుల కోపం నాకు అర్థమవుతుంది. కానీ చెత్త అలాగే ఉంటే ఖాళీ అయిన వీధిలోకి టీకా పడని కొత్త కుక్కలు వచ్చి చేరతాయి. రాత్రి షాపు కట్టేసేటప్పుడు కోడి పేగులూ ఈకలూ సంచిలో కట్టి చెరువు గట్టున పడేసి పోతున్నంత కాలం ఏ మున్సిపాలిటీ కుక్కల్ని తగ్గించలేదు.

అసలు ఇన్ని కుక్కలు ఎలా బతుకుతున్నాయి? పశువులకు నొప్పి తగ్గడానికి డైక్లోఫెనాక్ ఇచ్చాం. ఆ కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు పాడై చచ్చాయి. ప్రధాన జాతుల్లో 95 శాతానికి పైగా మాయమయ్యాయి. వాటి తిండి కుక్కల పాలైంది. పశువులకు ఆ మందును 2006లో నిషేధించేసరికే ఆలస్యమైపోయింది. 2000-2005 మధ్య రాబందులు లేకపోవడం వల్ల దేశంలో అదనంగా సుమారు 5 లక్షల మంది చనిపోయారని 2024లో ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. రేబిస్, కుళ్లిన కళేబరాలతో పాడైన నీళ్లు అందుకు కారణాలని వాళ్ల వివరణ. పశువుల మందు ఒక శాఖది, రాబందు అటవీ శాఖది, చనిపోయిన మనిషి ఆరోగ్య శాఖ లెక్క. ఈ మూడింటినీ కలిపి చూడాల్సిన బాధ్యత ఎవరికీ లేకపోయింది.

ఇప్పుడూ అంతే. మనుషుల, పశువుల, పర్యావరణ ఆరోగ్యాన్ని కలిపి చూడాలనే వన్ హెల్త్ మిషన్ ఢిల్లీలో ఉంది. నాగపూర్‌లో వన్ హెల్త్ జాతీయ సంస్థకు 2022 డిసెంబర్‌లో శంకుస్థాపన చేశారు. మండలంలో మాత్రం మెడికల్ ఆఫీసర్, పశువైద్యుడు కలిసి కూర్చునే సమావేశమే లేదు. కుక్కల భారం నిబంధనల ప్రకారం స్థానిక సంస్థలది. జీతాలకే తడుముకునే పంచాయతీ టీకాలు ఎక్కణ్నుంచి తెస్తుంది? వచ్చే బడ్జెట్‌లో కుక్కల టీకాలకు ఆరోగ్య శాఖ పద్దు కింద విడిగా నిధులు పెట్టాలి. ఖర్చు చేసే అధికారం పశుసంవర్ధక శాఖకివ్వాలి. పీహెచ్‌సీకి కాటు కేసు వచ్చిన రోజే పశువైద్యుడు ఆ వీధికి వెళ్లేలా జీవో తేవాలి.