అద్దె ఇళ్ళ ధర్మదాతలకు గుర్తింపు ఏదీ?

వెనుకటి రోజుల్లో నాలుగు రాళ్ళు వెనకేసుకున్నవారు పుణ్యం కోసం సత్రాలు కట్టించేవారు. గుమ్మం పక్కన శిలాఫలకం మీద దాత పేరు, ఆయన తల్లిదండ్రుల పేర్లు చెక్కించేవారు. నేటి విజయవాడలో ఆ ధర్మాన్ని నిలబెడుతున్నది షావుకార్లు కారు. నెల జీతం మీద బతికే ఉపాధ్యాయులు, బ్యాంకు గుమాస్తాలు, ఆర్టీసీ ఉద్యోగులు. పోరంకిలోనో, కానూరులోనో, గొల్లపూడిలోనో అప్పు చేసి రెండు పడకగదుల ఫ్లాటు కొని, దానిని ముక్కూ ముఖం తెలియని కుటుంబానికి అద్దెకిచ్చి, వచ్చిన అద్దెకు తమ జీతంలోంచి అంతకంటే ఎక్కువ కలిపి ప్రతి నెలా బ్యాంకుకు సమర్పించుకుంటున్న ఈ సత్రాధిపతులను ఇంతవరకు ఎవరూ దాతలుగా గుర్తించకపోవడం శోచనీయం.

దానానికి లెక్క చెప్పడం మర్యాద కాదు గానీ, శంకించేవారు ఎక్కువైన కాలం కనుక చెప్పక తప్పదు. ఫ్లాటు ధర 50 లక్షలనుకుందాం. 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఉండే గృహరుణం ఇంటి విలువలో 80 శాతానికి మించరాదని రిజర్వు బ్యాంకు నిబంధన కాబట్టి 40 లక్షలు బ్యాంకు ఇస్తుంది. వడ్డీ ఎనిమిదిన్నర శాతం, గడువు ఇరవై ఏళ్ళు అయితే ఈఎమ్‌ఐ సుమారు 34,700 రూపాయలు. అద్దె 14,000. మొదటి నెల ఈఎమ్‌ఐలో 28,300 రూపాయలు వడ్డీకే పోతాయి; అంటే అద్దె మొత్తం తెచ్చి పోసినా వడ్డీలో సగానికి సరిపోతుంది, అసలు జోలికి వెళ్ళే ప్రసక్తే లేదు. మిగిలిన ఇరవై వేల చిల్లర దాతగారి జీతంలోంచి పోతుంది. ఇంద్రకీలాద్రి మీద అన్నదానానికి వెయ్యి రూపాయలిచ్చినా చేతికి రసీదు వస్తుంది. నెలకు ఇరవై వేలు చొప్పున గృహదానం చేస్తున్న ఈయనకు వచ్చేది మాత్రం వాయిదా మినహాయించుకున్నామన్న సెల్‌ఫోను సందేశమే.

ఇంత చేస్తూ కూడా ఈ మహానుభావులు తాము దానం చేస్తున్నామని ఒప్పుకోరు. పెళ్ళి పందిట్లో పక్క కుర్చీ వారు అడిగితే "అద్దే ఈఎమ్‌ఐ కట్టేస్తుందండీ" అని ఎంతో వినయంగా చెబుతారు. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్న పెద్దల మాటను ఇంత నిష్ఠగా పాటిస్తున్నవారు మరొకరు లేరు. ఇంట్లో ఇల్లాలికి కూడా తెలియనివ్వని వారున్నారు.

బ్యాంకు ఇవ్వని పది లక్షలూ ఎలా వస్తాయన్నది ప్రత్యేకంగా అధ్యయనం చేయవలసిన విషయం. వాటికి తోడు స్టాంపు రుసుము, బదిలీ సుంకం, రిజిస్ట్రేషను రుసుము కలిపి ఏడున్నర శాతం, అంటే మరో 3,75,000 ఉంటుంది. ఇది బ్యాంకు లెక్కలోకి రాదు. మధ్యవర్తి కమీషను సంగతి సరేసరి. అందుకని చీటీని మూడో నెలలోనే, ఎవరూ పాడని హెచ్చు తగ్గింపుకు పాడుకుంటారు. బీరువాలోని నగలు తాకట్టుకు వెళతాయి. అప్పటికీ చాలకపోతే తోడల్లుడి స్నేహితుడొకరు నూటికి రూపాయిన్నర వడ్డీకి సర్దుతారు. నూటికి రూపాయిన్నర అంటే వినడానికి చిల్లరలాగే ఉంటుంది. అది నెలకు రూపాయిన్నర అనీ, ఏడాదికి 18 శాతమనీ మన ఊళ్ళో ఎవరూ గుర్తు చేయరు, ఎందుకంటే గుర్తు చేయడం అమంగళం. ఏటా 18 శాతానికి తెచ్చిన సొమ్మును ఏటా మూడుంపావు శాతం చిల్లర అద్దె తెచ్చే చోట పెట్టడం అవివేకమని అర్థశాస్త్రం అంటుంది. అర్థశాస్త్రానికి దానధర్మాలు పట్టవు.

వడ్డీ రేటు విషయంలో మన దాతలకు ఉన్న నిశ్చింత కూడా గమనించదగినది. 2022 మే వరకు రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు, 4 శాతం ఉండేది. 2023 ఫిబ్రవరి నాటికి అది 6.5 అయింది, గృహరుణాల వడ్డీ కూడా దాని వెంటే ఎక్కింది. చౌక రోజుల్లో ఆరుముప్పావు శాతానికి ఇరవై ఏళ్ళ గడువుతో 40 లక్షలు తీసుకున్నవారి ఈఎమ్‌ఐ 30,400 చిల్లర. రేటు తొమ్మిదింపావుకు చేరేసరికి నెల వడ్డీయే ఇంచుమించు అంత అయి కూర్చుంది. ఈఎమ్‌ఐ పెరగలేదని, బ్యాంకువారు ఎంత మంచివారోనని సంతోషించిన దాతలకు, పెరిగింది గడువు అనీ, అసలు కదలడం మానేసిందనీ తెలిసేసరికి కొంత కాలం పట్టింది. చివరకు 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకే కలగజేసుకొని, రేటు మారినప్పుడు ఈఎమ్‌ఐ పెంచుకోవాలో గడువు పెంచుకోవాలో అప్పుదారునే అడగాలని బ్యాంకులకు చెప్పవలసి వచ్చింది. సత్రం నడిపేవారిని ఇలా మధ్యలో లెక్కలడిగి వేధించడం భావ్యమా అన్నది వేరే చర్చ.

ఒక్క సత్రంతో తృప్తి పడేవారు సామాన్య దాతలు. ఉత్తమ దాత మొదటి ఫ్లాటు మీద టాపప్ అప్పు, అంటే పాత అప్పుకు పైన మరికొంత, తీసి దానిని రెండో ఫ్లాటుకు చేతి సొమ్ముగా కడతాడు. రెండో దానికి బ్యాంకు మేనేజరు జీతం చీటీ అడిగి, సగం పైగా ఇప్పటికే వాయిదాలకు పోతోందని సందేహిస్తే, భార్య జీతాన్ని కూడా యజ్ఞంలోకి ఆహ్వానిస్తాడు. ఇలా రెండు ఫ్లాట్ల యజమాని అయిన దాత తాను మాత్రం సత్యనారాయణపురంలో 11,000 అద్దె ఇంట్లో ఉంటాడు, ఎందుకంటే సొంత ఫ్లాట్లలో ఉంటే వచ్చే అద్దె పోతుంది. ఆయన ఉంటున్న ఇంటి యజమాని కూడా ఇలాంటి దాతే అనీ, ఆ ఇంటి మీదా అప్పు ఉందనీ, ఆ యజమాని పటమటలో మరొకరి ఇంట్లో అద్దెకుంటున్నాడనీ విచారిస్తే తేలుతుంది. ఒకరి తలమీద ఇంకొకరు నీడ పట్టుకొని నడిచే ఇంత పరోపకారం మరే ఊళ్ళోనైనా ఉందేమో నాకు అనుమానమే.

ఆదాయపు పన్ను శాఖ ఒక్కటే ఈ త్యాగాన్ని కొంత అర్థం చేసుకుంది. వచ్చిన అద్దెలో 30 శాతం మరమ్మతులకు పోయిందని, మీరు సున్నం కూడా వేయించకపోయినా సరే, తనంతట తానే నమ్ముతుంది. పాత పన్ను పద్ధతి ఎంచుకుంటే అద్దె ఇంటి నష్టాన్ని ఏడాదికి రెండు లక్షల వరకు జీతంలోంచి తీసివేయనిస్తుంది. అందుచేత 30 శాతం శ్లాబులో ఉన్న దాత రెండు లక్షల నష్టం తెచ్చుకొని అరవై వేల పన్ను మిగుల్చుకొని, ఆ సంతోషంలో మూడో ఫ్లాటు చూడడానికి బయలుదేరతాడు. కొత్త పన్ను పద్ధతిలో ఈ సౌకర్యం తీసేశారు. అక్కడ నష్టం జీతం మొహం చూడకూడదు. నిష్కామకర్మ అంటే అదే కాబోలు.

ఇక అతిథుల ఎంపిక. మొదట్లో టూలెట్ బోర్డు కింద షరతులుంటాయి: శాకాహారులు, చిన్న కుటుంబం, పెళ్ళికానివారు వద్దు. ఆషాఢంలో ఎవరూ ఇల్లు మారరు కనుక ఒక నెల ఖాళీ. మూఢం వస్తే ఇంకొకటి. పిల్లవాడి ఇంటర్మీడియట్ కోసం పల్లె నుంచి వచ్చి దిగిన కుటుంబం పరీక్షలు కాగానే సామాను సర్దుకుంటుంది. అలా రెండు వాయిదాలు ఒట్టి జీతం మీద గడిచాక బోర్డు మీద షరతులు ఒక్కొక్కటే చెరిగిపోయి ఫోను నంబరు ఒక్కటే మిగులుతుంది. ఏడాది దాటితేనే లీజును రిజిస్టరు చేయించాలన్న నమ్మకంతో ఒప్పందం పదకొండు నెలలకే రాసుకుంటారు, అది ముగిశాక నోటి మాట మీద తొమ్మిదేళ్ళు నడుస్తుంది.

ఫ్లాటు రేటు పెరుగుతుంది కదా, అప్పుడు అన్నీ తీరిపోతాయి కదా అని దాత మనసులో ఒక మూల ఆశ ఉండవచ్చు. 2015 అక్టోబరులో ఉద్దండరాయునిపాలెంలో రాజధానికి శంకుస్థాపన జరిగిననాడు, మరుసటి ఏడు ఉద్యోగులు హైదరాబాదు నుంచి వెలగపూడికి తరలివచ్చినప్పుడు ఆ ఆశ పూలు పూసింది. 2019 డిసెంబరులో మూడు రాజధానులన్నప్పుడు వాడింది. 2024 ఎన్నికల తరువాత మళ్ళీ చిగురించింది. ఆ ఏడే సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉంది. అయినా నెల తిరగకుండానే మధ్యవర్తులు "మన అపార్టుమెంటు మెరక మీద ఉందండీ" అంటూ ఫోన్లు చేయసాగారు.

కాబట్టి ప్రభుత్వానికి ఈ వ్యాసకర్త విన్నపం ఒక్కటే: ప్రతి అపార్టుమెంటు గుమ్మం పక్కన లిఫ్టు లోడు సూచించే పలక కింద ఒక శిలాఫలకం పెట్టించి, దానిమీద దాత పేరు, ఆయన తల్లిదండ్రుల పేర్లు, అప్పు ఖాతా సంఖ్య చెక్కించాలి. పేరు సులువుగా మార్చే వీలుండాలి, ఎందుకంటే డల్లాసులో ఉన్న అబ్బాయి "ఇంక అమ్మేయండి నాన్నా" అనగానే ఆ ఫ్లాటును మరో జీతగాడు 80 శాతం అప్పు తీసి కొంటాడు. అద్దెకున్నవారు మాత్రం మారరు. రిజిస్ట్రేషను అయిన మర్నాడే వారు కొత్త యజమానికి ఫోను చేసి, ఆరు నెలలుగా పాతాయనకు చెబుతున్నా పట్టించుకోలేదని, నీళ్ళ మోటారు బాగు చేయించమని, అద్దె పెంచే ఉద్దేశం ఉంటే పిల్లవాడి పరీక్షలు అయ్యేదాకా ఆగమని మర్యాదగా చెబుతారు.