చూడనివ్వండి మహాప్రభో!

కొత్త సీజన్ వస్తే హాయిగా చూడాలా, చెవులు మూసుకుని తిరగాలా? నెట్‌ఫ్లిక్స్ సిరీస్ స్ట్రేంజర్ థింగ్స్ అయిదో సీజన్‌ను అసలే మూడు ముక్కలు చేసి వదిలారు. చివరి ముక్క 2026 జనవరి 1న, మనకు ఉదయం ఆరున్నరకు. పండుగ పూట అందరూ నిద్ర లేవాలా వద్దా? పది కాకముందే వాట్సాప్ స్టేటస్‌లలో ఎవరు బతికారో, ఎవరు పోయారో ఫొటోలతో సహా!

సరే, ఫోను కట్టేసి నల్లగొండలో హైదరాబాద్ బస్సెక్కాను. వెనుక సీటులో ఇద్దరు. ఇయర్‌ఫోన్లు లేవు, మొహమాటం అంతకన్నా లేదు. నార్కట్‌పల్లి దాటేలోపు ముగింపు మొత్తం బస్సుకంతా వినిపించారు. చిట్యాలలో ఎక్కిన మూడోవాడు "ఏం బాగాలేదన్నా" అని తీర్పు చెప్పేశాడు. చూశావా తమ్ముడూ అంటే, లేదట, రివ్యూ చూశాడట!

ఇక సిరీస్‌లోని పిల్లల్ని చూసి "వీళ్లు బడి పిల్లలా, పెళ్లీడువాళ్లా?" అని వెక్కిరింతలు. 2016లో మొదలైన కథ కదా, నటులకు వయసు రాదా? మన అరవై ఏళ్ల హీరో కాలేజీ కుర్రాడైతే మాత్రం ఈలలు వేస్తాం! కథ జరిగేది 1987లో. ఆ రోజులు గుర్తొచ్చి ఏడుపొచ్చిందని ఒక ఇంటర్ కుర్రాడి పోస్టు. ఏ రోజులు నాయనా? క్యాసెట్ చిక్కుపడితే పెన్సిల్ దూర్చి తిప్పావా ఎప్పుడైనా?

మా అన్నయ్య కొడుకు ఇంకా ఘనుడు. ఆఖరి దృశ్యాన్ని ఏకంగా కుటుంబ గ్రూపులోనే పెట్టాడు. దానికి మా పెద్దమ్మ దండం బొమ్మలు కూడా పెట్టింది!