పుస్తకం ఉండగా కాగితాలెందుకు అనేవాళ్లకి

రౌల్ హిల్‌బర్గ్ అనే చరిత్రకారుడు యూరప్ యూదుల్ని నాజీలు ఎలా మట్టుబెట్టారో వివరిస్తూ రాసిన మూడు సంపుటాలు ఉన్నాయి కదా, ఇంకా ఆయన ఉత్తరాలూ ఫైళ్లూ ఎవరిక్కావాలి అని ఈమధ్య ఒకాయన తేలిగ్గా అనేశాడు. ఒళ్లు మండింది. ఆ పుస్తకాన్ని నిజంగా చదివినవాళ్లు ఆ మాట అనరు.

హిల్‌బర్గ్ వియన్నా యూదుడు. నాజీల చేతికి చిక్కకుండా క్యూబా మీదుగా 1939 సెప్టెంబర్ 1న, అంటే సరిగ్గా యుద్ధం మొదలైన రోజున, అమెరికాలో దిగిన కుర్రాడు. పెద్దయ్యాక చేసిందంతా హంతకుల ఆఫీసు కాగితాలు చదవడమే. యూదుల్ని చంపడానికే నాజీలు కట్టిన ట్రెబ్లింకా శిబిరానికి నడిచిన రైలు తాలూకు ఉత్తర్వు ఒకటి, నంబరు 587, తీసుకోండి. దాని మీద రహస్యం అన్న ముద్రయినా లేదు, ‘ఆఫీసు వాడకానికి’ అని మాత్రం ఉంది. 50 పెట్టెలు. పోయేటప్పుడు నిండుగా, వచ్చేటప్పుడు ఖాళీగా. ఇక టిక్కెట్ల లెక్క చూడండి: పదేళ్లలోపు పిల్లలకి సగం చార్జీ, నాలుగేళ్లలోపు వాళ్లకి ఉచితం, 400 మంది ఉంటే గ్రూపు రాయితీ. యూదులకి పోవడానికి మాత్రమే, కాపలావాళ్లకి రానూపోనూ! ఈ జమాఖర్చులు చూశాకే, పిచ్చివాడొకడు చేసిన ఘోరం ఇదనే మాట నా నోట రావడం మానేసింది. అసలు కాగితమే చూడాలనేవాడు హిల్‌బర్గ్. అప్పటి గుమాస్తా చేత్తో పట్టుకున్నది దాన్నే కదా.

అలాంటి మనిషి కాగితాల్ని మనం చిత్తుకాగితాల లెక్కన చూడాలా?

ఆయన వృత్తి పత్రాలూ సొంత పత్రాలూ ఇప్పుడు వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి, దశాబ్దాల పాటు పాఠాలు చెప్పిన చోటే. ఆ పుస్తకం బయటికి రావడానికి పడ్డ పాట్లు పుస్తకంలో కనిపించవు. ఈ అంశం ఎంచుకున్నప్పుడే గైడు ఫ్రాంజ్ నాయ్‌మన్, నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటున్నావు అన్న ధోరణిలో హెచ్చరించాడు. 1958లో ఇజ్రాయెల్‌లోని యూదు ఊచకోత స్మారక సంస్థ యాద్ వాషెమ్ అచ్చు వేయనంది: ఆధారాలు దాదాపు అన్నీ జర్మన్‌వేనట, యూదుల ప్రతిఘటన గురించి రాసింది నచ్చలేదట. 1959లో ప్రిన్‌స్టన్ ప్రెస్ తిప్పి పంపింది. వద్దని సలహా ఇచ్చింది ఎవరనుకున్నారు? హన్నా అరెంట్. చివరికి ఒక దాత డబ్బిస్తే 1961లో షికాగోలో అచ్చయింది.

రెండేళ్లకి, యూదుల్ని శిబిరాలకి తరలించే పని చూసిన నాజీ అధికారి ఐష్‌మన్ విచారణ మీద పుస్తకం రాసినప్పుడు అరెంట్ బాగా ఆధారపడింది ఎవరి పరిశోధన మీద? హిల్‌బర్గ్‌దే. 1964లో తన గురువైన తత్వవేత్త కార్ల్ జాస్పర్స్‌కి ఉత్తరం రాస్తూ ఆ పుస్తకం నిజంగా బాగుందని ఒప్పుకుంటూనే, మనిషిని మాత్రం తెలివితక్కువవాడని తీసిపారేసింది. ఆవిడ గొప్ప తత్వవేత్తే, కాదనను. కానీ ఈ సంగతి మనకి తెలిసింది ఒక సొంత ఉత్తరం చెత్తబుట్టలోకి పోకుండా మిగిలింది కాబట్టే.

సొంత ఉత్తరాలు బయటపెట్టడం మర్యాద కాదు అంటారు. బతికున్నవాళ్ల పేర్లుంటే కొన్నేళ్లు మూసి ఉంచండి, ఎవరొద్దన్నారు? ముందే ఏరి పారేయడం వేరు. పనికొచ్చేవి వృత్తివి, మిగతావి ఇంటి గొడవలు అని గీత గీసేవాళ్లని ఒకటే అడుగుతాను. ఏళ్ల తరబడి చేసిన పనిని కాదంటూ 1958లో వచ్చిన ఆ జవాబుని ఏ పెట్టెలో వేస్తారు?